ఒక్క ఘడియలో చరిత్ర మాఱునా? – రాక్ సంగీతమును గూర్చిన అపోహలు, వాస్తవములు

చరిత్రను చెప్పుకొను జనులకు దీర్ఘకాలము నడచిన మార్పులకంటె ఒక్క ఘడియలో తేలిపోయిన సంఘటనలే మిక్కిలి ప్రియము. రాజ్యము పదేండ్లు క్షీణించి కూలినదనుటకంటె, ఒకరాత్రి యొక ద్రోహి కోటతలుపు తీసినందున కూలినదనుట కథకు సొంపు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇంగ్లండును అమెరికాను ఉఱ్ఱూతలూగించి లోకమెల్ల వ్యాపించిన రాక్, పాప్ సంగీతముల చరిత్రకును ఈ గతియే పట్టినది. ఆ కచేరీలలో పెక్కు టేపులమీదను ఫిల్ములమీదను భద్రముగా నున్నను, వానిని స్వయముగా చూచినవారికంటె వానిని గూర్చి విన్నవారే యెక్కువ యగుటచేత, కట్టుకథలు నేటికిని కాలూనియే యున్నవి. వానిలో ప్రసిద్ధములైన ఐదింటిని ఇచట పరిశీలింతము.

అపోహ: 1965లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవమున బాబ్ డిలాన్ హఠాత్తుగా ఎలక్ట్రిక్ గిటారు చేతబట్టగా, వృద్ధగాయకుడు పీట్ సీగర్ గొడ్డలి గైకొని మైకు తీగలను నఱుకబోయెను.

వాస్తవము: సీగరునకు అప్పటికి నలువదియాఱేండ్లే, ఆయనచేత గొడ్డలియు లేదు, మాట మాత్రము కలదు. యంత్రముల హోరులో సాహిత్యము చెవినబడకున్నదని విసిగి, గొడ్డలి యున్నచో ఆ తీగను నఱికియుందునని తానన్నట్లు ఆయనయే పిమ్మట చెప్పుకొనెను. ఆయన ఫిర్యాదు విద్యుత్తుమీద గాదు, పదములు వినరాకుండుటమీద. ఇక హఠాత్తు అనుటకు అసలే తావు లేదు. ఆ జులై 25వ తేదీ నాటికి, మార్చిలో వెలువడిన 'బ్రింగింగ్ ఇట్ ఆల్ బ్యాక్ హోమ్' ఆల్బములో ఒక ప్రక్క యంతయు విద్యుద్వాద్యములతోనే నిండియుండెను. 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' ఐదు దినములకు ముందే అంగళ్లకు వచ్చియుండెను. డిలాన్ వెంట వాయించినవారిలో కొందఱు పాల్ బటర్‌ఫీల్డ్ బృందమువారు. ఆ బృందము అదే యుత్సవమున విద్యుద్వాద్యములతోనే తన కచేరీని వేఱుగా చేసెను. సభలో కేకలు రేగినమాట నిజమే కాని, కొందఱు గిటారుపై అలిగిరి, కొందఱు ధ్వని బాగులేదనిరి, కొందఱు మూడు పాటలకే దిగిపోయినాడని మండిపడిరి. అతడు మరల ఒంటరిగా వచ్చి మామూలు గిటారుతో రెండు పాటలు పాడినాడను సంగతిని కథ చెప్పువారు తఱచుగా విడిచిపెట్టుదురు.

అపోహ: లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలున ఒక శ్రోత డిలానును 'జూడాస్' అని దూషించెను.

వాస్తవము: క్రీస్తును పట్టియిచ్చిన శిష్యుని పేరుతో వచ్చిన ఆ తిట్టు 1966 మే 17న మాంచెస్టరులోని ఫ్రీ ట్రేడ్ హాలున వినబడినది. రహస్యముగా చేతులుమాఱిన ఆ కచేరీ రికార్డుపై ఎవరో లండను పేరు వేసిరి. పేరు ఎంతగా నాటుకొన్నదనగా, 1998లో రికార్డుల సంస్థవారు దానిని అధికారికముగా విడుదల చేసినప్పుడును ఆ తప్పుపేరును ఉద్ధరణ చిహ్నముల నడుమ నిలిపియే యుంచిరి. టేపు సత్యమే, దానిపై అంటించిన చీటీ యసత్యము.

అపోహ: 1969 డిసెంబరు 6న ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ 'సింపథీ ఫర్ ది డెవిల్' పాడుచుండగా ఒక యువకుడు హతుడయ్యెను, సైతానును పిలిచినందున సైతాను వచ్చెను.

వాస్తవము: పదునెనిమిదేండ్ల మెరెడిత్ హంటర్ కత్తిపోట్లకు గుఱియైనప్పుడు వారు పాడుచుండినది 'అండర్ మై థంబ్'. సైతాను పాట అంతకుముందే జరిగినది. దాని నడుమ తోపులాట రేగి గానము ఆగుటచే, పత్రికలవారు రెండింటిని ఒకటిగా ముడివేసిరి. మేజిల్స్ సోదరుల చిత్రము 'గిమ్మీ షెల్టర్' ఈ క్రమమును స్పష్టముగా చూపును. హంటర్ చేతిలో తుపాకి యుండుటయు ఫిల్ములో కనబడుటచే, పొడిచినవాడు ఆత్మరక్షణకై చేసినాడని జూరీ 1971లో విడుదల చేసెను. సైతానుతో పనిలేని కారణములు కావలసినన్ని కలవు: కచేరీస్థలము రెండు దినములైనను లేని వ్యవధిలో మాఱినది, వేఱొక స్థలము కొఱకు కట్టిన పొట్టి వేదికను తెచ్చి ఇచట నిలిపిరి, సుమారు మూడు లక్షల జనమునకు ఎదురుగా వేదికను కాచుటకు హెల్స్ ఏంజెల్స్ అను మోటారుసైకిళ్ల ముఠాను నియోగించిరి. నాలుగు మాసములకు ముందు వుడ్‌స్టాక్ పేరిట, నిజమునకు బెథెల్ అను ఊరి పొలములో, జరిగిన ఉత్సవము స్వర్గమనియు, ఇది నరకమనియు, ఈ రెంటి నడుమ ఒక యుగము ముగిసినదనియు చెప్పుట పిమ్మటివారి యలంకారము.

అపోహ: బీటిల్స్ బృందమును అందలి జాన్ భార్యయైన యోకో ఓనో విడదీసెను.

వాస్తవము: ఈ యపవాదమే అన్నిటికంటె క్రూరమైనది. నిర్వాహకుడు బ్రయన్ ఎప్‌స్టీన్ 1967 ఆగస్టులో మరణించుటతో ఆ నలువురి వ్యవహారములకు పెద్దదిక్కు లేకపోయెను. 1968 ఆగస్టులో రింగో, 1969 జనవరిలో జార్జ్ కొన్ని దినములు అలిగి వెళ్లి మరల వచ్చిరి. నిర్వాహకత్వమునకు అలన్ క్లైన్‌ను ముగ్గురు కోరగా, పాల్ తన భార్య పుట్టింటివారైన ఈస్ట్‌మనులను కోరెను. ఆ చీలిక మానలేదు. జాన్ తాను విడిపోవుచున్నట్లు 1969 సెప్టెంబరులోనే తోడివారికి తెలిపెను. లోకమునకు ఆ వార్త 1970 ఏప్రిలులో పాల్ మూలమున తెలిసినది. ఆ యేటి డిసెంబరు 31న పాల్ లండను హైకోర్టుకెక్కెను. 1969 జనవరి నాటి ఫిల్మును పీటర్ జాక్సన్ 2021లో లోకమునకు చూపినప్పుడు, అందు, యోకో ఒక యాంప్లిఫయరుపై కూర్చున్నందున బృందము విడిపోయినదని యేబదేండ్ల తరువాత జనులు చెప్పుకొందురని పాల్ పరిహసించుట కనబడినది. పరిహాసము భవిష్యవాణియే యయ్యెను.

అపోహ: విడిపోయిన క్వీన్ బృందము 1985 జులై 13న లైవ్ ఎయిడ్ అను సహాయార్థ కచేరీ కొఱకే మరల కలిసెను, తన ఎయిడ్స్ వ్యాధిని ఫ్రెడ్డీ మెర్క్యురీ అప్పటికే మిత్రులకు తెలిపెను.

వాస్తవము: ఇది 2018 నాటి చలనచిత్రము నాటిన బీజము. 1985 జనవరిలో రియోలోను, మే నెలలో జపానులోను బృందము కచేరీలు చేయుచునే యుండెను. వెంబ్లీలో ఆ ఇరువది నిమిషముల వైభవము దీర్ఘవియోగానంతర పునస్సమాగమము గాదు, ఎడతెగని సాధనకు ఫలము. సొంత ఆల్బముతో ఫ్రెడ్డీయే మొదట పెడదారి పట్టినాడనుటయు కల్ల. డ్రమ్ములు వాయించు రోజర్ టేలర్ 1981లోనే ఆ పని చేసియుండెను. జాంజిబారున పార్సీ కుటుంబమునబుట్టి మన పంచ్‌గనిలో చదువుకొన్న ఆ గాయకునకు వ్యాధి నిర్ధారణమైనది 1987 ప్రాంతమున. లోకమునకు ప్రకటించినది 1991 నవంబరు 23న, మరణమునకు ముందునాడు.

ఈ కథలలో తఱచుగా కనబడు పోలిక యొకటి కలదు: వీనిలో పెక్కు ముందువెనుకలను కత్తిరించి, పలువురి చేష్టల ఫలమును ఒక గొడ్డలికో, ఒక పాటకో, ఒక స్త్రీకో కట్టబెట్టినవి. వినోదమునకు వినుటలో దోషము లేదు గాని, ఆ కట్టబెట్టుటచే యోకో ఓనో దశాబ్దములు నింద మోసినది. కావున ఫలానా క్షణమే సమస్తమును మార్చినదని యెవరైన చెప్పినప్పుడు, దానికి ముందటి ఆఱుమాసములలో ఏమి జరిగెనో అడుగుట మేలు. పెక్కుసారులు సమాధానము అక్కడనే యుండును.