యంత్రానికి నాడి చూద్దాం

ఎండాకాలంలో మీ ఊరి చెరువు అడుగున పసుపుపచ్చని జేసీబీ మట్టి తవ్వడం, ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఆ మట్టిని నింపుకోవడం మీరు చూసే ఉంటారు. నల్లగొండ, పాలమూరు చెల్క నేలలు నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచలేవు. చెరువు ఒండ్రు కలిపితే వాటిలో తేమ నిలుస్తుంది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడికతీత మొదలైనప్పుడు రైతులు ఈ ఒండ్రును పొలాలకు తోలుకున్నారు.

ఒకప్పుడు ఇలాంటి పనులన్నీ మనుషుల చేతుల మీదనే జరిగేవి. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ ఆనకట్టను వేలాది కూలీలు రాయి మోసి కట్టారు. మట్టిపనికి పాలమూరు కూలీలు దేశమంతటా పేరు పొందారు. నేడు గడ్డపార, తట్ట స్థానంలో యంత్రం వచ్చింది. అయితే దానిని కొనగలిగేవారు తక్కువ. గంటల లెక్కన కిరాయికి తెచ్చుకునేవారే ఎక్కువ. యంత్రం బలహీనమైతే గంట పని రెండు గంటలు సాగుతుంది, రైతు అప్పు తెచ్చిన డబ్బు పోతుంది. అంతకన్నా ముఖ్యం, ఎత్తిన బొచ్చె కింద మనిషి ప్రాణం ఉంటుంది. అందుకే కిరాయికి మాట్లాడుకునే ముందు యంత్రాన్ని పరీక్షించాలి. అందుకు కావలసిన శాస్త్రం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది!

నూనెకు అంత బలం ఎక్కడిది?

మూసి ఉన్న ద్రవంపై ఒకచోట పీడనం కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. ఇదే 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రం. జేసీబీలో ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను గొట్టాల ద్వారా ఉక్కు సిలిండర్లలోకి తోస్తుంది. నూనె పీడనం చదరపు సెంటీమీటరుకు 200 కిలోలు అనుకుందాం. సిలిండర్ లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లయితే వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. రెండింటినీ గుణించండి: 15,700 కిలోలు! మన చేతిలో ఇమిడే వెడల్పు గల సిలిండరు పదిహేను టన్నులకు పైగా బలంతో తోస్తుందన్నమాట.

ఇప్పుడు పరీక్ష చూడండి. ఖాళీ బొచ్చెను నడుమెత్తు వరకు లేపించి, ఇంజను ఆపించి, దూరంగా నిలబడి అయిదు నిమిషాలు గమనించాలి. బొచ్చె ఉన్నచోటనే ఉంటే మంచిది. మెల్లగా కిందికి జారుతున్నదంటే సిలిండరులోని సీళ్ళు అరిగి గాని, వాల్వులు సరిగా మూసుకోక గాని నూనె తప్పించుకుపోతున్నదని అర్థం. అలాంటి యంత్రం మట్టి నింపిన బొచ్చెను ఎత్తి నిలపగలదా?

గొట్టాలకు పగుళ్ళు, నూనె తడి ఉన్నాయేమో చూడాలి. కాని చేత్తో తడిమి చూడకూడదు సుమా! సూదిమొన వంటి రంధ్రం నుండి అంత పీడనంతో చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలసిందే. తెలిసిన మెకానిక్కు చెయ్యి పెట్టడు, అట్టముక్క పెట్టి చూస్తాడు.

పొగ చెప్పే కబుర్లు

డాక్టరు నాలుక చూసినట్లు మెకానిక్కు పొగను చూస్తాడు. నల్లని పొగ ఆగకుండా వస్తుంటే డీజిలు పూర్తిగా మండటం లేదు. గాలి చాలడం లేదో, డీజిలు ఎక్కువవుతున్నదో. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కూడా మండుతున్నది. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ పోకపోతే డీజిలు మండకుండానే బయటికి వస్తూ ఉండవచ్చు, లేదా నీరు లోపలికి చేరుతూ ఉండవచ్చు. ఇంజను ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంటే దానిలో నీరు కలిసిందన్నమాట. ఆ యంత్రాన్ని వద్దనడమే మేలు.

ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయకూడదు. ప్రెషరు కుక్కరులో లాగే, పీడనం వల్ల అక్కడి నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

చిన్న సందు, పెద్ద ఊపు

బొచ్చె, చేయి కలిసేచోట లావుపాటి పిన్నులు, వాటి చుట్టూ బుష్‌లు ఉంటాయి. గ్రీజు పెట్టకపోతే ఘర్షణకు ఇవి అరుగుతాయి. పది సెంటీమీటర్ల పొడవున్న బుష్‌లో ఒక మిల్లీమీటరు సందు ఏర్పడిందనుకోండి. రెండు మీటర్ల దూరంలోని చేయి చివర అది 20 మిల్లీమీటర్ల ఊపు అవుతుంది. సరూప త్రిభుజాల లెక్క వేసి చూడండి, మీకే తెలుస్తుంది!

మీటరు లెక్క

డ్రైవరు ముందున్న గంటల మీటరు ఇంజను నడిచినప్పుడే తిరుగుతుంది. పనికి ముందు, తరువాత దాని అంకె రాసుకోవాలి. మొదట 1250.2, చివర 1253.7 ఉంటే తేడా 3.5. ఇది 3 గంటల 5 నిమిషాలు కాదు, మూడున్నర గంటలు. పదవ వంతు గంట అంటే 6 నిమిషాలు గదా! దశాంశం తెలియక ఊళ్ళలో ఎన్ని తగాదాలు! మరొక కిటుకు: మీటరు తక్కువ గంటలు చూపుతున్నా, పెడళ్ళ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటరును వెంటనే నమ్మకూడదు.

టైర్ల కోతలు, బ్రేకులు, వెనక్కి వచ్చేటప్పుడు మోగే హారను, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కాగితాలు, డ్రైవరు లైసెన్సు కూడా చూడాలి. పనిచేసే చోట పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడటం కిరాయికి తెచ్చుకున్నవారి బాధ్యతే.

మీరే చేసి చూడండి

సూదులు తీసేసిన 5, 20 మిల్లీలీటర్ల కొత్త సిరంజీలు రెండు తెచ్చి, సన్నని గొట్టంతో కలిపి నీరు నింపండి. చిన్నదాన్ని నొక్కితే పెద్దది తక్కువ దూరమే కదులుతుంది, కాని ఎక్కువ బలంతో. ఇప్పుడు కొంచెం గాలి చేరనిచ్చి మళ్ళీ నొక్కండి. స్ప్రింగులా మెత్తగా తగులుతుంది. నూనెలో గాలి చేరిన జేసీబీ చేయి కుదుపులతో కదలడానికి కారణం ఇదే.

ఈసారి మీ నాయనో, పెదనాయనో జేసీబీ మాట్లాడబోతే ఈ పరీక్షలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి ఇవ్వండి. యంత్రం నడుస్తున్నప్పుడు మాత్రం మీరు గట్టు మీదనే, డ్రైవరు కంటికి కనిపించేచోట నిలబడండి. చూసి నేర్చుకోవడానికి అంత దూరం చాలు!