పాండాకి లీజు ఉంది.. మన గిత్తకి?

2024 అక్టోబరులో చైనా నుంచి రెండు జెయింట్ పాండాలు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ జూకి చేరాయి. వాటిలో మగదాని పేరు బావో లి. ఒకరకంగా దానికి అది అమ్మమ్మగారి ఊరే! దాని తల్లి బావో బావో 2013లో పుట్టింది ఆ జూలోనే. అయినా అమెరికాకు సొంతం కాలేదు. 2017లో చైనాకు వెళ్లిపోయింది. ఎందుకంటే అగ్రిమెంట్ అలా ఉంది మరి!

చైనా ఇప్పుడు పాండాలను ఎవరికీ ఇచ్చేయడం లేదు. 1972లో అమెరికాకు రెండింటిని కానుకగా పంపినా, 1980ల నుంచి అప్పుగానే ఇస్తోంది. సాధారణంగా గడువు పదేళ్లు. అమెరికా జూలైతే జతకు ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా కట్టాయి. పరాయి దేశంలో పిల్ల పుట్టినా హక్కు చైనాదే. 2014 నాటి లెక్కల ప్రకారం అడవుల్లో మిగిలిన పాండాలు 1,864. అవీ చైనాలోనే.

మరి మన నేల మీద పుట్టి, విదేశీ జూ మెట్లెక్కిన జీవి సంగతేంటి? అలాంటిదొకటి ఉంది. దాని పేరులోనే నెల్లూరు ఉంది.

జూ నుంచి పచ్చిక బయళ్లకు

1878లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోకు చెందిన పశుపోషకుడు మానుయెల్ లెమ్‌గ్రూబర్ జర్మనీలోని హాంబర్గ్ జూ నుంచి ఒక జత పశువులను కొన్నాడు. తెల్లటి ఒళ్లు, ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు. అవి మన ఒంగోలు జాతివి. అంతకు పదేళ్ల ముందు, 1868లో, ఇంగ్లండ్ వెళ్లాల్సిన ఓడలోని మరో జత బ్రెజిల్ రేవు సాల్వడోర్‌లో అమ్ముడైపోయింది. అలా మొదలైన మందకు బ్రెజిల్ వాళ్లు పెట్టుకున్న పేరు ‘నెలోర్’.

ఒంగోలు జాతికి నెల్లూరు పేరేంటని సందేహం రావచ్చు. ఆ రోజుల్లో ఒంగోలు, కందుకూరు రెండూ నెల్లూరు జిల్లాలోనివే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అటు వెళ్లింది. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. ఇక్కడ సరిహద్దులు మారినా, అక్కడ పేరు మారలేదు.

ఆ తర్వాతా మన పశువులు ఓడలెక్కాయి. 1960ల్లో వెళ్లిన ఆంబోతుల్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కినది ఒకటుంది. ఇప్పటి నెలోర్ మందల్లో చాలావాటి వంశవృక్షం దాని దగ్గరికే వెళుతుంది. ఎండను తట్టుకోవడం, గోమార్లకు అంత తేలిగ్గా లొంగకపోవడం, గరుకు గడ్డితోనే ఒళ్లు చేయడం.. మన కోస్తా వాతావరణం నేర్పిన ఈ గుణాలే అక్కడ కాసులు కురిపించాయి. బ్రెజిల్ పశువుల్లో దాదాపు 80 శాతం మూపురం జాతులవే. వాటిలో నెలోర్‌దే పెద్ద వాటా. వయాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా 2023లో 14 లక్షల డాలర్లు దాటి పలికింది. అంటే మొత్తం విలువ 40 లక్షల డాలర్ల పైమాటే. బరువేమో 1,101 కిలోలు!

ఇందులో మన రైతుకు వచ్చిందెంత? అప్పట్లో అమ్మిన ధర, అంతే. పిల్లల మీద హక్కు లేదు, వాటా లేదు.

ఇప్పుడైతే అలా కుదరదు

ఏ దేశపు జీవవనరుల మీద ఆ దేశానిదే హక్కు అన్న ఒప్పందం 1992లో సంతకాలకు వచ్చింది. చిత్రంగా అదీ రియో డి జనీరోలోనే! దానికి అనుగుణంగా మన దేశం 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. విదేశీ సంస్థలు మన జీవవనరులను తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి. లాభంలో వాటా కూడా ఇవ్వాలి.

అయితే చట్టం ఉంటే సరిపోదు. కాపాడటానికి ఇంట్లో సరుకుండాలి. దున్నకం ట్రాక్టర్ చేతికి వెళ్లింది. పాలకు రైతు గేదెనో, సంకర ఆవునో కట్టేసుకుంటున్నాడు. ఒంగోలు గిత్త బండలాగుడు పందేల్లో మెరుస్తోంది గానీ, పందెం కోసం ఎంతమంది మేపగలరు? పాండాను చైనా అద్దెకివ్వడమే కాదు, దాని అడవినీ, సంతానోత్పత్తినీ పట్టించుకుంది. 2016లో పాండా ‘అంతరించే ప్రమాదం’ జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దిగింది. మనం నేర్చుకోవాల్సింది ఆ సగమే. లేదంటే పేరు గొప్ప, ఊరు దిబ్బ!

మన దగ్గర ప్రయత్నాలు లేకపోలేదు. గుంటూరు దగ్గరి లాం ఫారం ఒంగోలు జాతి మీద పరిశోధన చేస్తోంది. దక్షిణాదికి జాతీయ కామధేను బ్రీడింగ్ కేంద్రాన్ని నెల్లూరు జిల్లా చింతలదేవిలో నెలకొల్పారు. వీటికి కావాల్సింది చదువుకున్న చేతులు.

మీరు చేయాలంటే..

* పదో తరగతి తర్వాత: రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా.

* ఇంటర్ బైపీసీ తర్వాత: బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. రాష్ట్రంలో తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో కళాశాలలున్నాయి. 15 శాతం ఆలిండియా కోటా సీట్లకు నీట్ ర్యాంకు కావాలి.

* పీజీలో: ఎంవీఎస్సీలో యానిమల్ జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్ తీసుకుంటే జాతుల పరిరక్షణే మీ పని అవుతుంది. దేశీ జాతుల నమోదు, పరిశోధన చూసే జాతీయ సంస్థ హరియాణాలోని కర్నాల్‌లో ఉంది.

* జూ, అడవి జంతువుల మీద ఆసక్తి ఉంటే: హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ పరిశోధనశాల మీద కన్నేయండి. నెహ్రూ జూ పార్కులో మూషిక జింకలను పెంచి, నల్లమల అడవిలోకి వదిలిన ప్రయత్నంలో దానిదీ కీలక పాత్రే.

పశువైద్యం అంటే సూది వేయడమే అనుకునే రోజులు పోయాయి. ఒక జాతి ఎక్కడ పుట్టింది, ఎవరిది, రేపటికి మిగులుతుందా అన్నవి తేల్చేదీ ఈ చదువే. బైపీసీ విద్యార్థులూ, ఎంబీబీఎస్ సీటు రాకపోతే అన్న లెక్కతో కాకుండా, మొదటి ఆప్షన్‌గానే దీన్ని ఓసారి చూడండి.