రెండు కలలు... ఒక దారి

1521 మే 20. స్పెయిన్‌లోని పాంప్లోనా కోట. ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లొయోలా కాలు విరిగింది. నెలల తరబడి మంచమే దిక్కు. కాలక్షేపానికి వీరగాథలు అడిగితే ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల జీవితాలే!

చదువుతూ పగటికలలు కనేవాడు. ఓ గొప్పింటి స్త్రీ మెప్పు కోసం చేయబోయే సాహసాలు తలచుకుంటే అప్పటికి హాయి, ఆనక వెలితి. పునీతుల్లా బతకాలన్న ఆలోచన మాత్రం తర్వాత కూడా సంతోషాన్నే మిగిల్చేది. ఆ తేడాలోనే దైవచిత్తం జాడ పట్టుకున్నాడు.

సహచరులతో కలిసి ఆయన స్థాపించిన యేసు సభను 1540లో పోప్ ఆమోదించారు. విజయవాడ ఆంధ్రా లొయోలా కళాశాల పేరూ ఆయనదే.

పవిత్రతలో ఎదగడానికి రోజూ ఆత్మపరిశీలన చేసుకోమన్నాడాయన. మనసు దిగులుగా ఉన్నప్పుడు, ప్రశాంతంగా ఉండగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దన్నాడు.