గురువు లేకుండా జ్ఞానం కలుగుతుందా?

నాలుగు ఉపన్యాసాలు విన్న భక్తులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: “రమణ మహర్షికి గురువు లేరు కదా! మనకు మాత్రం ఎందుకు?” సహేతుకమైన ప్రశ్నే. 1896లో మదురైలో, 16 ఏండ్ల వయస్సులో, వారికి మరణభయం కలిగింది. చనిపోయేది ఎవరని తమలోనికి తామే చూచుకొన్నారు. అప్పటికి ఉపదేశం లేదు, వేదాంతపాఠం లేదు. ఆ యేడే సెప్టెంబరు 1వ తేదీన తిరువణ్ణామలై చేరుకొన్నారు.

అయితే తమకు గురువే లేరని మహర్షి అనలేదు. గురువు మనుష్యరూపంలోనే ఉండనక్కరలేదనీ, తమకు అరుణాచలమే గురువనీ చెప్పేవారు. మరొక సంగతి. మన కళింగసీమలోని కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని మహావిద్వాంసులు, ఏండ్ల తరబడి మంత్రజపం చేసినవారు. అంతటివారు 1907లో, తమకంటె ఒక యేడు చిన్నవారైన ఆ మౌనస్వామి పాదాలు పట్టుకొని తపస్సంటే ఏమిటని అడిగారు. శాస్త్రజ్ఞుడైనా బ్రహ్మజ్ఞానాన్ని స్వతంత్రించి వెదకరాదని ముండకభాష్యంలో శంకరులు అన్నది ఇటువంటి పండితులను ఉద్దేశించే అని నా అభిప్రాయం. చదువు పెరిగేకొద్దీ అడగడం కష్టమవుతుంది.

ఛాందోగ్యంలో సత్యకాముని కథ నాకు మరీ ఇష్టం. గౌతమమహర్షి 400 బక్క ఆవులను అప్పగిస్తే, అవి 1000 అయ్యేదాకా తిరిగి రానని అడవికి వెళ్ళాడు. అక్కడ వృషభం, అగ్ని, హంస, నీటిపక్షి అతనికి బ్రహ్మవిద్యను ఒక్కొక్క పాదంగా బోధించాయి. తిరిగి వచ్చేసరికి ముఖంలో బ్రహ్మతేజస్సు! అయినా “మీరే చెప్పండి” అని గురువును వేడుకొన్నాడు. గురువు చెప్పినదీ ఆ విద్యనే. ఏమీ కొరత లేకుండా చెప్పాడు.

గురువు చేసే పని ఎంత? దీనికీ ఛాందోగ్యంలోనే దృష్టాంతం ఉంది. గాంధారదేశస్థుని కండ్లకు గంతలు కట్టి అడవిలో వదిలారు. ఒక పుణ్యాత్ముడు గంతలు విప్పి, గాంధారం ఈ దిక్కున ఉన్నదని చెప్పాడు. అంతే. ఊరూరా అడుగుతూ ఇల్లు చేరుకొన్నది అతడే. భుజాన మోసికొని పోతానన్న వారెవరూ ఈ కథలో లేరు. ఒక గృహస్థు కూతురి పెండ్లికి దాచిన సొమ్మంతా, మోక్షం ఇప్పిస్తానన్న ఒక స్వామికి సమర్పించడం నేనెరుగుదును. శ్రోత్రియుడు, బ్రహ్మనిష్ఠుడు అని ముండకం గురువుకు రెండు లక్షణాలు చెప్పింది. సంప్రదాయంగా శాస్త్రం చదివాడా, చెప్పినట్లు బ్రతుకుతున్నాడా అని విచారించడం గురునింద కాదు, మన కర్తవ్యం.

అటువంటివారు దొరకకపోతే? ఒక యాత్రికురాలు, వయస్సు మీదపడినావిడ, “నాకు గురువు దొరకలేదు నాయనా, ఈ జన్మ వృథాయేనా?” అని కండ్లనీళ్ళు పెట్టుకొన్నది. దక్షిణామూర్తిని గురువుగా భావించి, రోజుకొక గీతాశ్లోకం తాత్పర్యంతో చదువుకోమన్నాను. సందేహాలు వ్రాసిపెట్టుకొని, శాస్త్రం తెలిసినవారు కనబడినప్పుడు సంకోచించక అడగమన్నాను. మరుసటి యేడు దర్శనానికి వచ్చినప్పుడు ఆమె చేతిలో చిన్న పుస్తకం, అందులో పదకొండు ప్రశ్నలు. వైయాకరణుణ్ణి గనుక, పదాల అర్థానికి సంబంధించిన నాలుగింటికి నేను సమాధానం చెప్పాను. తక్కిన ఏడింటి కోసం మా ఊరి వేదాంతపండితుల ఇంటికి దారి చూపించాను.