అంతర్వాక్కు, సహాధ్యాయి: రెండవ భాషకు రెండు తోడ్పాటులు

విద్యను గూర్చి మన పూర్వులు చెప్పిన లెక్క యొకటి కలదు. శిష్యుడు విద్యలో నాలుగవపాలు ఆచార్యుని వలనను, నాలుగవపాలు స్వబుద్ధి వలనను, నాలుగవపాలు తోడి విద్యార్థుల వలనను, తక్కిన పాలు కాలక్రమమునను పొందునని దాని భావము. ఈ లెక్కలో ఆచార్యుని వంతు పావు మాత్రమే. కాని భాషాబోధనను గూర్చిన చర్చలలో ఆ పావునకే ముప్పాతిక శ్రద్ధ దక్కుచున్నది. పాఠ్యపుస్తక మెట్లుండవలెను, వ్యాకరణ మెప్పుడు చెప్పవలెను అను ప్రశ్నల చాటున స్వబుద్ధియు సహాధ్యాయియు మరుగుపడుచున్నారు. రెండవ భాష నేర్చుటలో ఈ రెండు పాళ్లును ఎట్లు పనిచేయునో, ఒకటి రెండవదాని కెట్లు ఊతమగునో తెలిసికొనుటకు భిలాయి-3 వంటి చోటు మిక్కిలి అనువైనది.

భిలాయి ఉక్కు కర్మాగారమునకై భారత సోవియట్ ప్రభుత్వముల నడుమ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందము కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. నాడు మధ్యప్రదేశములో నున్న ఈ ప్రాంతము 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరినది. కర్మాగారమునకు చేరువనే, చరోదా రైల్వే యార్డు పక్కన భిలాయి-3 ఉన్నది. 1931లో పూర్తియైన విజయనగరము–రాయపూరు రైలుమార్గము ఉత్తరాంధ్రమును ఛత్తీస్‌గఢ్ తో కలిపినది. రైలు కొలువులకును, ఉక్కు కొలువులకును వచ్చిన తెలుగు కుటుంబములు అక్కడ స్థిరపడినవి. బడిలో హిందీ చదువక వచ్చినవారికి ఆ భాష నేర్పినది పంతులు కాదు. పక్కన నిలిచి పనిచేసిన తోడివాడు. ఇంట తెలుగు, పనిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ: ఇట్లు మూడు భాషల నడుమ వారి దినము గడచినది. ఆరునెలలు సావాసము చేసిన వారు వీరగుదురను సామెత వారి విషయమున అక్షరసత్యము.

సావాసము భాషగా ఎట్లు మారును? ఈ ప్రశ్నకు లోతైన సమాధానము చెప్పినవాడు సోవియట్ మనశ్శాస్త్రజ్ఞుడు లెవ్ వైగోత్‌స్కీ (1896–1934). ఆయన మరణించిన యేడే వెలువడిన ‘ఆలోచన – భాషణము’ అను గ్రంథము 1936 తరువాత ఇరువదియేండ్లు మరుగుపడి, 1956లో మరల ముద్రితమైనది. భిలాయి ఒప్పందము కుదిరిన మరుసటి సంవత్సరమది. 1962లో ఆంగ్లానువాదము వచ్చిన పిమ్మట ఆ భావములు లోకమంతట వ్యాపించినవి.

ఆడుకొను పసిపిల్లలు తమలో తాము మాటలాడుకొందురు. ఇది క్రమముగా అణగిపోవు బాల్యచేష్ట యని జీన్ పియాజే 1923 నాటి తన గ్రంథములో తలచినాడు. వైగోత్‌స్కీ ఆ అభిప్రాయమును అంగీకరింపలేదు. బొమ్మ గీయుచున్న పిల్లవానికి కావలసిన పెన్సిలు దొరకకుండ చేసి చూచినచో, ఈ తనలోని మాట తగ్గుటకు మారుగా దాదాపు రెట్టింపైనది. అనగా అది చిక్కు విప్పుకొనుటకు పనికివచ్చు సాధనము. అది నశింపదు, లోపలికి పోవును. ముందు పరులతో మాట, పిదప తనతో తాను పైకి పలుకు మాట, కడపట ధ్వనిలేని అంతర్వాక్కు: ఇది క్రమము.

ఈ క్రమము మనకు క్రొత్త కాదు. జపమును వాచికమనియు, ఉపాంశువనియు, మానసమనియు మూడు విధములుగా మన శాస్త్రములు విభజించినవి. మొదటిది పరులకు వినబడును. రెండవది పెదవుల కదలికతో ఆగును. మూడవది మనస్సులోనే నడచును. ఎక్కములు వల్లెవేసిన ప్రతి బాలుడును ఈ మూడు మెట్లు ఎక్కినవాడే.

అంతర్వాక్కు పైకి పలుకు మాటకు వట్టి నిశ్శబ్దరూపము కాదు. అది మిక్కిలి కుదించిన భాష. రైలుకై చాలసేపు ఎదురుచూచువారిలో ఒకడు “వస్తున్నది” అనినచో చాలును. ఏది వచ్చుచున్నదో చెప్పనక్కరలేదు. తనతో తాను మాటలాడుకొనువానికి కర్త ముందే తెలియును గనుక క్రియ యొక్కటియే మిగులును. రెండవ భాష నేర్చువానికి మొదట ఈ కుదింపు మాతృభాషలోనే జరుగును. లోన తెలుగులో తలచి, పైకి హిందీలో పలుకును. ఇది సిగ్గుపడవలసిన లోపము కాదు. నడకకు ముందటి చేయూత. కాని లెక్క పెట్టుకొనునపుడు, దారి వెదకికొనునపుడు, తన్ను తాను మందలించుకొనునపుడు క్రొత్త భాష దానంతటది వచ్చిననాడు మాత్రమే అది తనదైనట్లు.

ఆ నాటికి చేర్చు వంతెన ఏది? అమీ స్నైడర్ ఓటా అమెరికాలో జపాను భాష నేర్చుచున్న విద్యార్థుల తరగతులను పరిశీలించి 2001లో ఒక గ్రంథము ప్రకటించినది. విద్యార్థికి మైక్రోఫోను అమర్చి చూడగా, మౌనముగా నున్నట్లు కనబడినవారు నిజముగా మౌనముగా లేరు. ఉపాధ్యాయుడు వేరొకని నడిగిన ప్రశ్నకు వారు తమలో సమాధానము గొణుగుకొనుచున్నారు. తోడివాని తప్పును లోలోన దిద్దుకొనుచున్నారు. ఇది ఉపాంశువే. అయితే దానికి పదార్థము సమకూర్చినది తరగతిలోని తోడివారి మాట.

రిచర్డ్ డొనాటో 1994లో మరియొక విషయమును చూపినాడు. ఫ్రెంచి నేర్చుచున్న ముగ్గురు విద్యార్థులు ఒక క్రియారూపముకై తడుములాడినారు. ఏ యొక్కనికిని అది పూర్తిగా తెలియదు. ఒకడొక ముక్క, మరొకడొక ముక్క అందింపగా ముగ్గురును కలిసి సరియైన రూపమును కట్టినారు. పండితుడు లేని చోటను సహాయము పుట్టునని దీని తాత్పర్యము.

దీనిని మన పిల్లలకు అన్వయించి చూడవచ్చును. “నేను రొట్టె తిన్నాను” అను మాటను ముగ్గురు తెలుగు బాలురు హిందీలో చెప్పబూనినారనుకొందము. ఒకడు “మై రోటీ ఖాయా” అనును. ఇచట ‘మై’ చాలదు, ‘మైనే’ కావలెనని రెండవవాడు గుర్తుచేయును. రోటీ స్త్రీలింగము గనుక ‘ఖాయీ’ కావలెనని మూడవవాడు పట్టుకొనును. తెలుగులో క్రియ కర్తను అనుసరించును. హిందీలో ఇట్టి చోట కర్మను అనుసరించును. ఈ సూత్రము మువ్వురిలో నెవ్వనికిని సమగ్రముగా తెలియదు. కాని వాక్యము సరిగా వచ్చినది. మరునాడు మొదటివాడు ఒంటరిగా నున్నపుడు “ఖాయా... కాదు, ఖాయీ” అని గొణుగుకొనును. నిన్న చెలికాడు దిద్దిన దిద్దుబాటు నేడు అతని లోపలి గొంతైనది.

సహాధ్యాయులు కలిసి తప్పునే స్థిరపరచుకొను ప్రమాదము లేకపోలేదు. అందుకే ఆచార్యుని పావు ఉన్నది. తొందరపడినవానికి కాలము పాలు దక్కదు. నాలుగింటిలో నేదియు తక్కిన మూటికి బదులు కానేరదు.

ఇంతవరకు రెండవ భాష హిందీ. వలస వచ్చిన కుటుంబములలో మూడవ తరము నాటికి లెక్క తారుమారగును. బడియు, వీధియు, స్నేహమును హిందీలో నడచుచుండగా తెలుగే రెండవ భాషయగును. తాతతోను అమ్మమ్మతోను తెలుగు వినును. “అన్నము తిన్నావా” అనిన తెలియును. బదులు మాత్రము హిందీలో వచ్చును. పెద్దలు దీనిని అశ్రద్ధ యని నొచ్చుకొందురు. పరిశీలించినచో కారణము వేరు. ఆ బాలునికి తెలుగులో పెద్దలున్నారు, ఈడువారు లేరు. వానికి తెలుగు ఆజ్ఞగా, ఆదరముగా చేరినది గాని, జట్టుగా పోట్లాడి, పందెము వేసి, తప్పుదిద్దుకొన్న భాషగా చేరలేదు. తోడు లేని భాష చెవి దగ్గర ఆగును. లోపలి గొంతు కానేరదు.

ఇది రచయితలకు సంబంధించిన సంగతి. రచనయనగా కుదించిన అంతర్వాక్కును ఎదుట లేని పాఠకునికై పూర్తిగా విప్పి చెప్పుటయే. ఏ భాషలో తనతో తాను మాటలాడుకొనడో ఆ భాషలో ఎవ్వడును రచయిత కాజాలడు, పాఠకుడగుటయు కష్టమే. ప్రవాసములోని తెలుగు బాలలకు వర్ణమాల, నీతిపద్యము అందించుట మంచిదే. కాని ఇద్దరు కలిసి చదువదగిన చిన్న నాటికలు, ఒకడడుగ నొకడు విప్పవలసిన పొడుపుకథలు, జట్టుకట్టి పూర్తిచేయవలసిన కథలు అంతకంటె అవసరము. ఒంటరి పాఠకునికై వ్రాయుట మన కలవాటు; జంటకై వ్రాయుట ఇంకను నేర్వవలసి యున్నది.

హిందీలోని ‘హమ్’ అను నొక్కమాటకు తెలుగులో ‘మేము’, ‘మనము’ అని రెండు మాటలున్నవి. వినువాని వెలుపల నిలిపిన మేము, లోన చేర్చుకొన్న మనము. ఈ భేదమును పుస్తకము ఒక వాక్యములో వివరింపగలదు. కాని ఎదుటనున్నవానిని చేర్చుకొని “మనము ఆడుకొందము” అని పిలిచిననాడే అది బాలుని నాలుకకు పట్టును; తరువాత మనస్సున నిలుచును. భిలాయి-3లో తెలుగు నిలుచుటయు ఆ రెండవ మాటను పలుకుటకు పిల్లలకు ఈడువాడు దొరకుటపైననే ఆధారపడి యున్నది.