పెద్దవారికి నిద్ర ఎందుకు కరువవుతుంది?

రాత్రి మూడు గంటలకు మా మెడికల్ వార్డులో రౌండుకు వెళితే, డెబ్బై దాటినవారిలో చాలామంది మేల్కొనే ఉంటారు. "సిస్టరుగారూ, కన్ను మూతపడటం లేదు, ఒక బిళ్ళ ఇవ్వండమ్మా" అని అడుగుతారు. తమ విశ్వాసం తగ్గినందువల్లే నిద్ర రావడం లేదని కుమిలిపోయేవారూ ఉన్నారు. దీనికి విశ్వాసంతో సంబంధం లేదు. మోకాళ్ళలాగే మెదడుకూ వయసు మీదపడుతుంది.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగంలో సుమారు 20,000 కణాల చిన్న గుంపు ఉంది. అది మన శరీరానికి గడియారం. కంటిలో పడే వెలుగునుబట్టి పగలు, రాత్రి గుర్తిస్తుంది. వయసుతో ఈ గడియారం బలహీనపడుతుంది. కంటి కటకం పసుపుబారడంతో దానికి వెలుగూ సరిగా అందదు. రాత్రివేళ ఊరే మెలటోనిన్ హార్మోను తగ్గుతుంది. అందుకే ఎనిమిదింటికే కునుకు, మూడింటికే మెలకువ. అక్కడే నిద్రపుచ్చే కణాలు కూడా ఉన్నాయి. ఆ కణాలు తగ్గినవారికి నిద్ర ముక్కలు ముక్కలవుతుందని 2014లో ఒక పరిశోధన చూపింది. గాఢనిద్ర కూడా తగ్గుతుంది కాబట్టి చిన్న చప్పుడుకే లేచి కూర్చుంటారు. అయితే 65 దాటినా 7-8 గంటల నిద్ర అవసరమే.

మా భయమల్లా నిద్రమాత్రల గురించే. డాక్టరు చీటీ లేకుండానే అల్‌ప్రజోలం తెచ్చి, అమ్మ హాయిగా పడుకుంటుందని ఇస్తున్నారు. పెద్దవారి ఒంట్లోనుండి ఆ మందు త్వరగా పోదు. మూత్రానికి లేచి తూలిపడితే తుంటి ఎముక విరుగుతుంది. అలా వచ్చినవారి పిల్లలను "రాత్రి ఏం మాత్ర ఇచ్చారు?" అని మేము తప్పక అడుగుతాము. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా మానకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి.

పగలు అరుగుమీద, వెలుగులో కూర్చోబెట్టండి. మరీ పెందలాడే నిద్ర ముంచుకొచ్చేవారికి సాయంత్రపు వెలుగు మేలు. మధ్యాహ్నం కునుకు అరగంట చాలు. సాయంత్రం కాఫీ, టీ వద్దు (మా మాట వినేవారు తక్కువే!). బాత్‌రూము దారిలో చిన్న బల్బు వెలగనివ్వండి. బి.పి.కి నీటిమాత్ర రాత్రి వేసుకుంటుంటే, పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి. పెద్ద గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నట్లుంటే చూపించాలి.

మంచిగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే పగలు మత్తుగా ఉండి, రాత్రంతా సంబంధం లేని మాటలు మాట్లాడితే అది వయసు నిద్రలేమి కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు పడిపోవడం వంటివి కారణం కావచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకురండి. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసి తెండి.