మేడమీది అరుగు

అరుగు అచ్చమైన తెలుగు మాట. ఇంటికి గోడలుండును, కప్పుండును. కాని ఇంటివారి మనసెట్టిదో ఊరికి తెలియజేసినది వీధి అరుగే. బాటసారి నడుము వాల్చినది అక్కడ. పంతులుగారు పిల్లలచేత అక్షరములు దిద్దించినది అక్కడ. తగవులు తీరినదీ, సంబంధములు కుదిరినదీ అక్కడనే.

పటాన్‌చెరు ప్రసక్తి వచ్చినపుడు అచ్చతెలుగు జ్ఞప్తికి వచ్చుట సహజము. 16వ శతాబ్దమున, గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుచుండగా, ఈ ఊర నివసించిన అమీన్‌ఖానునకే పొన్నెగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్రము’ను అంకితమిచ్చెను. అచ్చతెనుగు కావ్యములలో అది మొట్టమొదటిది. నేడు అదే ఊర ఇల్లు కట్టించువాని నోట మాత్రము అచ్చతెలుగు నిలుచుట కష్టము. ‘మేస్త్రీ’ పోర్చుగీసు వారి మాటనుండి వచ్చినది. ‘గుత్తేదారు’ అనునది గుత్తకు పారసీక ప్రత్యయము చేరగా ఏర్పడినది. స్లాబు, సెంట్రింగు, కాంట్రాక్టరు ఆంగ్లము నుండి దిగినవి. మాటలు ఎక్కడనుండి వచ్చినను దోషము లేదు. అయితే కాంట్రాక్టరు అనగా ఒడంబడిక చేసికొన్నవాడని అర్థము. మాట వచ్చినది గాని, ఆ ఒడంబడిక వచ్చినదా అన్నదే ఆలోచింపవలసిన విషయము.

పటాన్‌చెరు చుట్టును కర్మాగారములు వెలసిన పిమ్మట జనము పెరిగినది, నేల కరవైనది. 2007లో ఈ ఊరు గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో చేరినది. నూరు, నూటయేబది గజముల స్థలములో వీధి అరుగునకు చోటెక్కడిది? అందుచేత అరుగు మేడ యెక్కి బాల్కనీ అయినది. కర్మాగారములో పనిచేయు ఒక గృహస్థుడు, సాయంకాలము తండ్రి కూర్చుండి వీధి చూచుటకై, పాత మేడకు నాలుగడుగుల బాల్కనీ పెట్టింపదలచును. మేస్త్రీని పిలుచును. ఆ పిమ్మట జరుగు సంభాషణ ఇంచుమించు ప్రతి వీధిలోను ఒక్కటే:

“నక్షా ఎందుకు సార్? గిసొంటివి మస్తు కట్టిన. అడుగుకు ఇంత అని మాట్లాడుకుందాం, నెలల అప్పజెప్త.”

“ఇంజనీరుకు ఒకసారి చూపెడ్దామని ఉన్నది మేస్త్రీ.”

“ఆయన కాగితం మీద గీతలు గీసి పైసలు తీసుకుంటడు. కట్టేది మేమే గద సార్!”

ఈ మాటలో సగము సత్యము. కట్టునది మేస్త్రీయే, అతని చేతిలోని నేర్పు ఏ కాగితములోను లేదు. కాని మిగిలిన సగములోనే ప్రాణముల సంగతి యున్నది.

నేలమీది అరుగునకు భూమియే ఆధారము. అందు తప్పు జరిగినచో బండ కదలును, గోడ బీటలిచ్చును, అంతే. మేడమీది అరుగు ఒకవైపు మాత్రమే పట్టుకొని గాలిలోనికి చాచిన చేయి వంటిది. విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షించి చూడవచ్చును. చేయి ముందునకు చాచి నీళ్ళ బిందె పట్టుకొన్నచో భుజము పైభాగమున నరములు లాగును, క్రిందిభాగము అదుముకొనును. కాంక్రీటు అదుమును ఓర్చును గాని లాగును ఓర్వదు. లాగును ఓర్చునది ఇనుము. రెండు గోడలమీద ఆనిన స్లాబు బరువునకు నడుమ క్రిందికి వంగును గనుక అచట ప్రధానమైన ఊచలు అడుగున ఉండవలెను. బాల్కనీలో సంగతి తలక్రిందులు. ఊచలు పైన ఉండవలెను. గదులు కట్టి చేయి తిరిగినవాడు అలవాటుచొప్పున అడుగుననే పరచినను, పైన కట్టిన ఊచలను కాంక్రీటు పోయువారు కాళ్ళతో త్రొక్కి అడుగునకు దింపినను ఫలము ఒక్కటే. పైకి చూచుటకు బాల్కనీ చక్కగానే ఉండును. సున్నము వేసిన పిమ్మట లోపలి తప్పు ఎవరికిని కానరాదు.

బరువు సంగతియు అట్టిదే. భారత ప్రమాణముల ప్రకారము ఇంటి బాల్కనీపై చదరపు మీటరునకు సుమారు 300 కిలోల రాకపోకల బరువు పడునని లెక్కింపవలెను. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గల చిన్న బాల్కనీకే ఇది 1,100 కిలోలగును. బతుకమ్మ చూచుటకో, ఊరేగింపు చూచుటకో ఇంటిల్లిపాదియు, ఇరుగుపొరుగులును ఒక్కుమ్మడిగా వచ్చి నిలుచునది అక్కడనే గదా!

పాత మేడకు క్రొత్తగా బాల్కనీ తగిలించుట మరింత కష్టము. పైఊచలు గది స్లాబు లోపలికి చాలదూరము పోయి పాతుకొనవలెను. ముందే విడిచిపెట్టని ఊచలు తరువాత ఎక్కడనుండి వచ్చును? అట్టిచోట నేలనుండి స్తంభములు లేపి, దూలము వేసి, దానిపై అరుగు నిలుపుట మేలు. స్తంభమనగానే పునాది, పునాది అనగానే నేల. 1972లో పటాన్‌చెరులో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థ పొలములలో ఎఱ్ఱనేలయు, నల్లరేగడియు రెండును కలవు. రేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. దానిపై తేలికగా ఆనిన స్తంభము ఇంటితోపాటు నిలువక తన దారిన తాను కదలును. ఏ నేలకు ఎంత లోతో చెప్పవలసినవాడు ఇంజనీరు.

లైసెన్సు ఎవరికి కలదో గృహస్థుడు స్పష్టముగా ఎరుగవలెను. వాస్తుశిల్పులకు 1972 నాటి చట్టము కలదు. భవనముల నక్షాలు గీయు ఇంజనీరులకు, కట్టడపు బలమును లెక్కకట్టు ఇంజనీరులకు పురపాలక సంస్థలు లైసెన్సులిచ్చును. విద్యుత్తు పని చేయు కాంట్రాక్టరునకును లైసెన్సు కలదు. ప్రభుత్వపు పనులు చేయు గుత్తేదారులకు తరగతులవారీ నమోదు ఉన్నది. సొంత ఇంటికి బాల్కనీ కట్టు తాపీమేస్త్రీకి మాత్రము అట్టి లైసెన్సేదియు లేదు. కావున నక్షామీద ఇంజనీరు సంతకము, పని జరుగునపుడు అతని కన్ను, ఈ రెండే ఇచ్చటి గృహస్థునకు రక్ష. ఇంటిచుట్టును తప్పక విడువవలసిన ఖాళీస్థలములోనికి బాల్కనీ చొచ్చుకొని రాకూడదను నియమమును చెప్పువాడును అతడే.

కాలిఫోర్నియాలోని పిల్లల యొద్దకు వెళ్ళి వచ్చిన తల్లిదండ్రులకు అచటి ఇండ్ల వెనుకనుండు కొయ్య అరుగు తెలియును. దానిని ‘డెక్’ అందురు. ఆ రాష్ట్రమున వేయి డాలర్లకు మించిన పనికి లైసెన్సు గల కాంట్రాక్టరు ఉండవలెను. లైసెన్సు సంఖ్య ఒడంబడికలో కనబడవలెను. ఇంటి మార్పులకు ముందుగా తీసికొను సొమ్ము మొత్తములో పదవవంతును గాని, వేయి డాలర్లను గాని, ఏది తక్కువయో దానిని మించరాదు. ఇట్టి కట్టుదిట్టము అనవసరము కాదు. 2003లో చికాగో నగరమున అనుమతి లేక కట్టిన కొయ్య వసారాలు జనము బరువునకు కూలగా 13 మంది మరణించిరి. 2015లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో, తేమకు కుళ్ళిన దూలములపై నిలిచిన బాల్కనీ విరిగి ఆరుగురు విద్యార్థులు అసువులు బాసిరి. ఆ పిమ్మట 2018లో, పలు కుటుంబములు నివసించు భవనముల బాల్కనీలను గడువు తప్పక పరీక్షింపవలెనని ఆ రాష్ట్రము శాసనము చేసెను.

శాసనము లేనిచోట ఒడంబడికయే శాసనము. అది పెద్ద దస్తావేజు కానక్కరలేదు. రెండు పుటలు చాలును. సిమెంటు, ఇనుము, ఇసుక ఎవరు తెత్తురు, ఊచల లావెంత, దూరమెంత, ఏ పని ముగిసిన పిమ్మట ఎంత సొమ్ము అనునవి అందుండవలెను. కాంక్రీటు పోయకముందు ఇంజనీరు వచ్చి ఊచలను చూచితీరవలెనని ఒక వాక్యము తప్పక ఉండవలెను. పైఊచలు దిగిపోకుండ క్రింద ఇనుప కుర్చీలు నిలిపిరా అని అపుడే చూడవలెను. మరుదినము చూచుటకు ఏమియు మిగులదు. మామూలు సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద మొదలగునవి కలిసిన సిమెంటునకు 10 దినములు తడి ఆరకుండ నీళ్ళు పట్టవలెను. పోటుకట్టెలు ఇంజనీరు చెప్పిననాడే తీయవలెను. తీయునపుడు బయటి అంచునుండి మొదలిడి గోడవైపు రావలెను. చుట్టుగోడగాని కమ్మీలుగాని మీటరు ఎత్తునకు తగ్గరాదు.

కట్టినవాడు బాధ్యుడను ధర్మము నేటిది కాదు. క్రీస్తునకు పూర్వము 18వ శతాబ్దమున బాబిలోను రాజు హమ్మురాబి, ఇల్లు కూలి యజమాని మరణించినచో కట్టినవానికి మరణదండన విధించెను. నేటి ధర్మము అంత కఠినము కాదు. 1993లో వినియోగదారుల రక్షణ చట్టమునకు జరిగిన సవరణ గృహనిర్మాణమును సేవలలో చేర్చినది. 2019 నాటి క్రొత్త చట్టమును దానిని నిలిపినది. పని చెడినవాడు రెండేండ్లలోగా జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును. కాని అచటను మొదట అడుగునది కాగితమే. అడుగుకు ఇంత అని గడపలో నిలుచుండి అనుకొన్న మాటకు సాక్ష్యమేది?

ఇదంతయు మేస్త్రీపై అనుమానము కాదు. మంచి మేస్త్రీకి నక్షా రక్షయే. తాను చేయని తప్పు తన తలపై పడకుండ కాపాడునది అదే. వీధి అరుగున కూర్చున్న బాటసారి ఇంటివారిని నమ్మి కూర్చున్నాడు. మేడమీది అరుగున కమ్మీ పట్టుకొని తాతగారి ప్రక్క నిలుచు మనుమడు, తాను ఎన్నడును చూడబోని ఊచలను నమ్మి నిలుచును. వాటిని చూడవలసిన ఒక్క దినమున, కాంక్రీటు పోయకముందు, ఆ పిల్లవాని పక్షమున చూడవలసినవాడు ఇల్లు కట్టించువాడే.